కొల్లేట్లో తాటిదోనె

తాటిమాను తొలిచి చేసే పడవని, అంటే దోనెను, కొల్లేటి నీళ్లలోకి ఎలా దింపుతారో చూడాలని కైకలూరులో బస్సు దిగి, స్నేహితుడి బండి మీద కొల్లేటికోట వైపు వెళ్లాను. తీరా చూస్తే గట్టు మీద దోనే లేదు. వాళ్ల బాబాయి మోకాలి లోతు నీళ్లలోకి దిగి, కిక్కిస గడ్డి దుబ్బు పక్కన కాలితో తడిమి, "ఇదిగో, ఇక్కడుంది" అన్నారు. పని లేనప్పుడు ముంచే ఉంచుతారట. ఒడ్డున పడేస్తే ఎండకి తాటిమాను నెర్రెలిస్తుంది.

ముగ్గురం కలిసి పైకి లాగి, పక్కకి వంచి నీళ్లు ఒంపేశాం. మొదలు వైపు బుర్రలా గుండ్రంగా ఉంది. కోసిన రెండో కొసకి మాత్రం అడ్డేమీ లేదు, డొల్ల. బాబాయి వంగి నీటి అడుగు నుంచి నల్ల బంకమన్ను దోసిళ్లతో తీసి, గడ్డి కలిపి పిసికి, ఆ కొసలో చిన్న గోడలా మెత్తారు. బొటనవేలితో అంచులు నొక్కుతుంటే మన్ను తాటినారల్లోకి దిగుతోంది. మేకు లేదు, తారు లేదు. "మరీ ఎండితే పగులుద్ది బాబు, మరీ నానితే జారుద్ది" అంటూ ఆయన దాన్ని అరచేత్తో తట్టి తట్టి చూశారు.

ఒంటి దోనె మీద కొత్తవాళ్లు నిలవలేరు, దొర్లిపోతుంది. అందుకని ఇంకో దోనెని జతచేసి, అడ్డంగా రెండు వెదుళ్లు వేసి తాళ్లతో బిగించారు. దాన్నే సంగడి అంటారు. సంగడికాడంటే స్నేహితుడని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ మాట పక్కన ఇలాంటి పడవ కూడా ఉందని అక్కడే తెలిసింది. నాకు భలే సంతోషం వేసింది.

గెడ వేయగానే సంగడి చప్పుడు లేకుండా కదిలింది. గుర్రపుడెక్క మధ్య సన్నటి దారి, దూరంగా గూడబాతులు, అక్కడక్కడ రొయ్యల కోసం పెట్టిన మావులు, అంటే వెదురు బోనులు. కాసేపటికి మట్టిగోడ మూల నుంచి సన్నగా నీరు ఊరింది. నాకు టెన్షన్. బాబాయి గెడ వదలకుండానే మడమతో మన్ను అదిమి, మళ్లీ ముందుకి తోశారు.

ఎటు వెళ్లినా ఒకచోట చేపల చెరువు గట్టు అడ్డం వచ్చేది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు పొందింది. 2006లో ప్రభుత్వం ఇలాంటి చెరువు గట్లు కొట్టించింది కూడా. అయినా స్వేచ్ఛగా గెడ వేసుకునే నీళ్లు తగ్గాయని ఆయన బాధ. ఒకప్పుడు వలలో కొర్రమీనులు బరువుగా పడేవట. ఆ రోజు మాకు దొరికినవి నాలుగు జెల్లలు. ఆ గట్లు చూస్తుంటే నాకూ కడుపు తరుక్కుపోయింది. దోనెకి కావలసింది నడుము లోతు నీళ్లే, అవి కూడా లేకపోతే ఎలా?

పొద్దువాలాక తాళ్లు విప్పాం. బాబాయి మట్టిగోడని కాలితో ఒక్క తాపు తన్నారు. నీళ్లు బుడబుడమంటూ లోపలికి వచ్చాయి. దోనె కిక్కిస పక్కన నెమ్మదిగా అడుక్కి దిగిపోయింది. ఆనవాలుగా ఆయన అక్కడ గెడ పాతారు.