ఒక్కో పేరుకి ఎనిమిది సెకన్లు

స్నాతకోత్సవం అనగానే అందరికీ గౌన్లు, టోపీలు, ఫొటోలు గుర్తొస్తాయి. యూనివర్సిటీ పరిపాలన విభాగంలో ఆ ఏర్పాట్లు చూసే నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది పేర్ల జాబితా. మిగతా పనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. తిరగాలి కూడా.

పేరు పిలవగానే విద్యార్థి నడిచొచ్చి, పట్టా అందుకుని, ఫొటోకి ఒక క్షణం ఆగి, పక్కకి వెళ్లడానికి ఎనిమిది సెకన్లు వేసుకోండి. ఆరు వందల మందికి ఎనభై నిమిషాలు. ఎనిమిదిని ఆరు చేస్తే సరిగ్గా గంటలో అయిపోతుంది. ప్లానింగ్ మీటింగులో ఎవరో ఒకరు ఈ మాట తప్పకుండా అంటారు. 1642లో హార్వర్డ్ మొట్టమొదటి స్నాతకోత్సవంలో పట్టా పుచ్చుకున్నది తొమ్మిది మందే కాబట్టి వాళ్లకి ఈ చిక్కు ఉండి ఉండదు. నేనైతే ఎప్పుడూ ఒకటే చెప్తాను: ఆ ఇరవై నిమిషాలూ కావాలంటే ప్రసంగాల్లోంచి తీసుకోండి, పేర్ల జోలికి రావద్దు. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీవ్ జాబ్స్ మాట్లాడింది సుమారు పావుగంట. దాన్ని జనం ఇప్పటికీ వింటున్నారు. ముఖ్య అతిథి ఎంత గొప్పవారైనా పావుగంట చాలు. పిల్లల తల్లిదండ్రులు వచ్చేది ఆ ఎనిమిది సెకన్ల కోసం.

అందుకే పేరు తప్పు పలకకూడదని నాకు అంత పట్టుదల. స్పెల్లింగ్ చూసి పలికితే సగం పేర్లు మారిపోతాయి. దీర్ఘం ఎక్కడో, ఒత్తు ఎక్కడో అక్షరాలు చెప్పవు. ఇంటిపేరు ముందో వెనకో తెలియదు. ఒకే మాట పేరున్నవాళ్ల ఫారంలో రెండో గడి ఖాళీగా ఉంటే, కంప్యూటర్ అందులో ఒక చుక్కో గీతో పెట్టేస్తుంది. అది అలాగే చదివేవాళ్ల చేతికి వెళ్లకుండా చూడాలి. మేం విద్యార్థులనే తమ పేరు ఫోన్లో రికార్డు చేసి పంపమంటాం. ఆ రికార్డింగులు వినడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఒకసారి ఒక అమ్మాయి తన పేరు చెబుతుంటే, వెనకనుంచి వాళ్లమ్మ "అలా కాదు, కాస్త సాగదీసి చెప్పు" అనడం వినిపించింది. మేం అమ్మ చెప్పినట్టే రాసుకున్నాం.

పేర్లు చదవడానికి ఇద్దరిని పెడతాం, ఒక్కో విభాగం తర్వాత మారతారు. గంటసేపు ఒక్కరే చదివితే గొంతు అలిసిపోయి, చివరి విభాగాల పేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ చివరి విభాగం పిల్లలు ఏం పాపం చేశారు? ఇంకో జాగ్రత్త, జాబితా చూసి వరసగా చదవం. ప్రతి విద్యార్థి తన పేరు, ఉచ్చారణ రాసున్న కార్డు పట్టుకొచ్చి చదివేవారి చేతికిస్తారు. జాబితానే నమ్ముకుంటే, ఒక్కరు రాకపోయినా ఆ తర్వాత వచ్చే ప్రతి ఒక్కరికీ పక్కవాళ్ల పేరు వినిపిస్తుంది.

వేదిక మీద ఇచ్చే ఫోల్డర్‌లో చాలాచోట్ల అసలు సర్టిఫికెట్ ఉండదు. ఇది తెలిసి కొందరు నొచ్చుకుంటారు. వరసలో ఇద్దరు చోట్లు మార్చుకున్నా ఒకరి పట్టా ఇంకొకరి చేతికి వెళ్తుంది, కాబట్టి అసలుది కిందికి దిగాక, గుర్తింపు కార్డు చూసి, సంతకం పెట్టించుకుని ఇస్తారు. నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

గౌన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సైజు ముఖ్యంగా ఎత్తును బట్టి చూస్తారు, చెప్పుల మడమ ఎత్తు కూడా కలుపుకోవాలి. హుడ్‌ల (గౌను మీద మెడ చుట్టూ వేసుకుని వీపు మీదకి వేలాడదీసే రంగు గుడ్డ) రంగులు కలిసిపోకుండా విభాగాలవారీగా పెట్టెల్లో సర్దాలి. ఏ శాస్త్రానికి ఏ రంగో అమెరికాలో 1895లోనే ఒక నియమావళి రాసుకున్నారు. ఒక్కో దేశంలో ఒక్కో తీరు.

వేదిక ఎక్కే దారి గురించి మాత్రం నేను గట్టిగా పోట్లాడతాను. మెట్లు ఒకవైపు, వీల్‌చైర్ కోసం ర్యాంపు వెనకవైపు పెడితే, ఆ ఒక్క విద్యార్థి అందరికీ దూరంగా, ఎక్కడినుంచో ప్రత్యక్షమవ్వాల్సి వస్తుంది. అందరినీ ర్యాంపు మీంచే పంపితే వరస చెడదు, గౌను తట్టుకుని మెట్ల మీద పడే భయమూ ఉండదు. ముందురోజు రిహార్సల్‌లో పొడుగు గౌను వేసుకున్న వాలంటీర్లని ఆ దారిలో నడిపించి, స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తాం. ఫొటోకి ఆగాల్సిన చోట నేలమీద టేపు అంటిస్తాం. ఒక వరస వేదిక దగ్గరికి చేరగానే వెనక వరసని లేపాలి. ముందే లేపితే నిలబడి నిలబడి అలిసిపోతారు, ఆలస్యమైతే వేదిక ఖాళీగా ఉండిపోతుంది.

కొన్ని సంవత్సరాల్లో జాబితాలో ఒక పేరు పక్కన "మరణానంతరం" అని ఉంటుంది. ఆ ఇంటికి ఫోన్ చేసే పని నేను ఎవరికీ అప్పగించను. వేదిక మీదకి వస్తారా, విడిగా అందుకుంటారా, పేరు మొదట్లో చదవాలా, తన క్లాసు పిల్లలతో పాటా, అన్నీ వాళ్లనే అడుగుతాను. ఒక తండ్రిగారు "వాడి రోల్ నంబరు ఎక్కడొస్తే అక్కడే చదవండమ్మా" అన్నారు. అలాగే చదివాం. ఆయన మెల్లగా నడిచారు, చదివేవారికి ముందే చెప్పి ఉంచాం కాబట్టి తర్వాతి పేరు ఆయన కిందికి దిగేదాకా పిలవలేదు. హాలంతా లేచి నిలబడింది. ఎనిమిది సెకన్ల లెక్క అక్కడ పనికిరాదు, దానికోసం కార్యక్రమంలో ముందే కొంత సమయం వదిలిపెట్టుకోవాలి.

చప్పట్లు చివర్లో ఒకేసారి కొట్టమని ప్రకటించాలా వద్దా అన్నది ఇంకా తేలని వాదన. టైము కలిసొస్తుందనేవాళ్లు కొందరు. ఇరవై మంది చుట్టాలొచ్చిన పిల్లాడి పక్కన, ఎవరూ రాని పిల్లాడికి చిన్నతనంగా ఉంటుందనేది ఇంకో మాట. అది నిజమే. అయినా కేకలు, ఈలలు ఆపమనడానికి నాకు మనసొప్పదు. అందుకని మొదటి రెండు వరసల్లో అధ్యాపకుల్ని కూర్చోబెట్టి, ప్రతి పేరుకీ చప్పట్లు కొట్టమని అడుగుతాం. వాళ్లకి చేతులు నొప్పెడతాయి, కానీ ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

ఈసారి పట్టా తీసుకోబోతున్నవాళ్లకి ఒక విన్నపం. మీ పేరు రికార్డు చేసి పంపమని యూనివర్సిటీ అడిగితే, "నా పేరు తేలికేలే" అనుకుని వదిలేయకండి. నిదానంగా, ఇంట్లో పిలిచినట్టు, రెండుసార్లు చెప్పి పంపండి. అడగకపోతే మీరే ఆఫీసుకి వెళ్లి, ఎలా పలకాలో కార్డు మీద రాసివ్వండి.