ఐదు మిల్లీగ్రాముల్లో మూడే

తరుగు అనే మాట వింటూ పెరిగినదాన్ని నేను. మా ఊళ్లో వడ్లు కొనే దగ్గర బస్తా నలభై కిలోలు. తేమ ఉందనో, తాలు ఉందనో అందులో కిలో, రెండు కిలోలు కోసేస్తారు. యాసంగి వడ్లు అమ్మే ప్రతిసారీ బాపుకి కాంటా దగ్గర పంచాయితీ తప్పదు. పోయిన మేలో నేను కూడా వెంట వెళ్లాను. పదిహేడు శాతం దాకా తేమ ఒప్పుకోవాలని రూలు. మిషన్‌లో పదహారే చూపిస్తోంది. మరి తరుగెందుకని గట్టిగానే అడిగాను. "సదువుకున్న బిడ్డవు, నీకు తెల్వనిదేముందమ్మా" అని నవ్వుకుంటూనే ఆయన కోసేది కోసేశాడు. తిరుగు బస్సులో పరకాల దాటేదాకా నాకు కోపం తగ్గలేదు.

అదే వారం హన్మకొండలో మా ల్యాబ్‌కు ఒక చిన్న గాజు బుడ్డి వచ్చింది. లేబుల్ మీద ఐదు మిల్లీగ్రాములు, ప్యూరిటీ 95 శాతానికి పైన అని ఉంది. నోట్‌బుక్‌లో ఐదు మిల్లీగ్రాములనే రాసుకుని, ఆ లెక్కతోనే నీళ్లు కలిపాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గ్రాస్ వెయిట్ అనే మాట చదివాను కూడా. చదివి వదిలేశాను. నలభై కిలోల బస్తాలో కిలో కోస్తే గొడవ పడిన మనిషినే!

బుడ్డిలో ఉన్నది మెగైనిన్-2. ఇరవై మూడు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అంటే పెప్టైడ్. దీని పుట్టుక నాకు భలే ఇష్టం. ఆఫ్రికాలో జెనోపస్ లేవిస్ అని ఒక కప్ప ఉంటుంది. అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ అనే శాస్త్రవేత్త ఆ కప్పలకు ఆపరేషన్ చేసి, కుట్లు వేసి, మళ్లీ తొట్టిలోకి వదిలేవాడు. ఆ నీళ్లేమీ శుభ్రమైనవి కావు. అయినా గాయాలకు చీము పట్టడం లేదు, చక్కగా మానిపోతున్నాయి. ఎందుకని వెతికితే కప్ప చర్మంలో బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్‌లు దొరికాయి. 1987లో ఆ సంగతి ప్రచురించాడు. హీబ్రూలో డాలును మెగెన్ అంటారట, పేరు అక్కడి నుంచి పెట్టాడు.

ఇప్పుడు ఎవరూ కప్ప చర్మం వలవరు. బ్రూస్ మెర్రిఫీల్డ్ 1963లో చూపించిన పద్ధతిలో రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థపు చిన్న చిన్న గుళికల మీద గొలుసును చివరి నుంచి మొదటికి ఒక్కో అమైనో ఆమ్లం చొప్పున అల్లుకుంటూ వస్తారు. దానికే ఆయనకు 1984లో నోబెల్ వచ్చింది. అల్లిక ఎంత బాగా కుదిరినా ప్రతి మెట్టులో కొన్ని గొలుసులకు ఆ అమైనో ఆమ్లం పూస తగులుకోదు. మెట్టుకు 99 శాతం కుదిరిందనుకుందాం. వినడానికి ఎంత బాగుందో. కానీ నా పెప్టైడ్‌కు ఇరవై రెండు మెట్లు. 0.99ని ఇరవై రెండుసార్లు గుణించి చూడండి, 0.80 వస్తుంది. అంటే నూటికి ఇరవై గొలుసుల్లో ఎక్కడో ఒక పూస జారిపోయింది. వాటిని ఏరేసి మంచివి మిగుల్చుకోవడమే శుద్ధి. ఎంత ఏరారో చెప్పే అంకె ప్యూరిటీ. ఆ అంకె చెప్పేది అంతవరకే. ఇది తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మేం చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. తొంభై ఆరు గుంతల ప్లేటులో పెప్టైడ్‌ను సగం సగం చేసుకుంటూ పలచబరుస్తాం, ఈ-కోలి బ్యాక్టీరియా వేస్తాం, రాత్రంతా ఉంచి పొద్దున ఏ వెల్‌లో మురికి కట్టలేదో చూస్తాం. పాత లాట్‌తో, అంటే ఇంతకుముందు తెప్పించిన బుడ్డితో, 32 మైక్రోగ్రాముల వెల్ దగ్గర పెరుగుదల ఆగిపోయేది. కొత్త లాట్‌తో 64 దగ్గర ఆగింది. సర్‌కు చూపిస్తే, "ఒక్క వెల్ తేడా తేడా కాదమ్మా, ఈ పరీక్షలో అంత ఊగిసలాట మామూలే" అన్నారు. ఆయన మాట నిజమే. కానీ ఊగిసలాట అయితే ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగాలి కదా. ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ ఒకే వైపు జరిగింది. ఏడోసారి ప్లేటు సర్ టేబుల్ మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. "సరే, కాలమ్ ఖాళీగా ఉందేమో చూడు" అన్నారు. కలిసిపోయిన పెప్టైడ్‌లను విడదీసి చూపించే హెచ్‌పీఎల్‌సీ మిషన్ కాలమ్ అది.

ఈ మధ్యలో మా జూనియర్ ఒక పిడుగు వేసింది. వెలుగును ఎంత మింగిందో కొలిచే నానోడ్రాప్ మిషన్ మీద ఒక చుక్క పెట్టి, 280 నానోమీటర్ల దగ్గర దాదాపు సున్నా వచ్చిందని పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఇందులో పెప్టైడే లేదు!" నాకు గుండె ఆగినంత పనైంది. కాస్త నిదానించాక గుర్తొచ్చింది. 280 దగ్గర వెలుగును మింగేవి ముఖ్యంగా ట్రిప్టోఫాన్, టైరోసిన్. మెగైనిన్-2లో ఈ రెండూ లేవు. అద్దంలో కనబడలేదని మనిషి లేడనుకున్నట్టు అయింది. ఆ అమ్మాయిని అనడానికేమీ లేదు, రెండేళ్ల క్రితమైతే నేనూ అలాగే పరిగెత్తేదాన్ని.

ఇక హెచ్‌పీఎల్‌సీ. సీ-18 కాలమ్, నీళ్లు, అసిటోనైట్రైల్ అనే ద్రావకం, రెండింట్లోనూ 0.1 శాతం టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం), డిటెక్టర్ 214 దగ్గర. అక్కడైతే పెప్టైడ్ బంధమే కనిపిస్తుంది కాబట్టి ఏ గొలుసూ తప్పించుకోదు. కంపెనీ పంపిన కాగితం మీద గీత చూస్తే ముచ్చటేస్తుంది, నేల మీద ఒంటరిగా నిలబడ్డ తాటిచెట్టులా ఒకటే పీక్. జాగ్రత్తగా చూస్తే ఆ రన్ మొత్తం పదిహేను నిమిషాల్లో అయిపోయింది. అసిటోనైట్రైల్‌ను ఐదు శాతం నుంచి తొంభై ఐదు దాకా ఒక్క ఉరుకులో తీసుకుపోయారు. అంత వేగంగా తోస్తే పక్కపక్కన ఉన్నవి కూడా ఒకే గుంపుగా బయటపడతాయి. అబద్ధమేమీ లేదు, చూసే తీరులోనే ఉంది కిటుకు. నేను నిమిషానికి ఒక్క శాతం చొప్పున మెల్లగా నడిపాను. పెద్ద పీక్‌కు ముందు ఒక భుజం లేచింది. ఆ భుజం, ఇంకా అక్కడక్కడ ఉన్న చిన్న చిన్న గడ్డలు తీసేస్తే పెద్ద పీక్ వాటా 91.

ఆ భుజం ఏమిటో తెలియాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణువు బరువు తూచాలి. మా దగ్గర ఆ మిషన్ లేదు. సాంపిల్‌ను థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకుల మధ్య పెట్టుకుని పొద్దున ఆరింటికి హన్మకొండ బస్టాండులో ఉప్పల్ బస్సెక్కాను. పక్క సీటావిడ జనగామ దాకా ఆ డబ్బానే చూసి చూసి, "చేపలా బిడ్డా?" అంది. కాదమ్మా, కప్ప అన్నాను. భువనగిరి వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

రిపోర్టులో పెద్ద పీక్‌కు 823.3 వచ్చింది. మూడు ఛార్జీలున్న అయాన్ కాబట్టి మూడుతో గుణించి, మూడు ప్రోటాన్లు తీసేస్తే 2466.9. అచ్చంగా మెగైనిన్-2 బరువు. అంటే బుడ్డిలో ఉన్నది మేం అడిగిందే, అనుమానం లేదు. భుజానికి 828.6. తేడా 5.3, దాన్ని మూడింతలు చేస్తే పదహారు. ఒక ఆక్సిజన్. ఇరవై ఒకటో చోట ఉన్న మెథియోనిన్‌కు గాలి తగిలింది. పూస జారి ఉంటే ఇలా పెరగదు, తగ్గుతుంది. గ్లైసిన్ పోతే 57, లైసిన్ పోతే 128.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఆ ఆక్సిజన్ కంపెనీ వాళ్లది కాకపోవచ్చు, చాలావరకు నాదే అయి ఉంటుంది. మైనస్ ఇరవైలోంచి తీసిన బుడ్డిని గది వేడికి రానివ్వకుండా, ఆత్రంగా వెంటనే మూత తీశాను. వరంగల్ ఉక్కలో చల్లటి బుడ్డి మూత తీస్తే ఏమవుతుందో ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాను చూస్తే తెలుస్తుంది. ఆ పొడి తేమను పీల్చేసుకుంటుంది. ఆపైన మేలో గాలివానలకు కరెంటు పోయినప్పుడల్లా ఫ్రీజర్‌లో స్టాక్ కరిగి గడ్డకట్టి, మళ్లీ కరిగింది. చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచిపెట్టుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. పంచడానికి బద్ధకించాను.

కానీ ఆక్సిజన్ పట్టిన వాటా ఆరు శాతమే. మొత్తం మలినాలు తొమ్మిది. తొమ్మిది శాతానికి ఒక వెల్ అంతా జరగదు. అప్పుడు తట్టింది తరుగు సంగతి.

పెప్టైడ్‌ను రెజిన్ నుంచి ఊడదీసేది టీఎఫ్ఏతోనే, శుద్ధి చేసేదీ టీఎఫ్ఏ కలిపిన నీళ్లలోనే. ఆ ఆమ్లం అంత తేలికగా వదలదు. లైసిన్, హిస్టిడిన్ లాంటి క్షార గుణమున్నవి ఎన్ని ఉంటే అన్ని చోట్ల ఉప్పులా పట్టుకుని కూర్చుంటుంది. మెగైనిన్-2లో లైసిన్‌లు నాలుగు, హిస్టిడిన్ ఒకటి, గొలుసు మొదలు ఒకటి, మొత్తం ఆరు చోట్లు. ఒక్కో టీఎఫ్ఏ బరువు 114. ఆరూ నిండితే 684. కాగితం మీద లెక్కేసినా బుడ్డిలో నూటికి ఇరవై రెండు పాళ్లు ఉప్పే. పొడి పీల్చుకున్న నీళ్లు అదనం. ఇదేదీ ప్యూరిటీ అంకెలో కనబడదు. 214 దగ్గర నీళ్లకు రంగు లేదు, టీఎఫ్ఏ ఏమో పెప్టైడ్‌తో కాకుండా ముందే కొట్టుకుపోతుంది. ప్యూరిటీ అంటే ఉన్న పెప్టైడ్‌లలో మన పెప్టైడ్ వాటా ఎంత అని మాత్రమే. బుడ్డిలో పెప్టైడ్ ఎంతుందన్నది వేరే ప్రశ్న. వడ్లలో రాళ్లు లేవన్నంత మాత్రాన తేమ లేదని కాదు కదా.

ఆ రెండో ప్రశ్నకు అమైనో యాసిడ్ అనాలిసిస్ చేయించాం. పెప్టైడ్‌ను గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర ఇరవై నాలుగు గంటలు ఉడికిస్తారు. గొలుసు పూసలు పూసలుగా విడిపోతుంది. అప్పుడు ఒక్కో రకం ఎంతుందో లెక్కపెడతారు. లూసిన్ ఒకటైతే అలనైన్ రెండు, ఫినైల్‌అలనైన్ మూడు రావాలి. వచ్చాయి. మొత్తం కూడితే నెట్ పెప్టైడ్ 67 శాతం.

ఐదు మిల్లీగ్రాముల్లో 67 శాతమంటే 3.35. అందులో సరైనది 91 శాతమంటే మూడు చిల్లర. నేను ఐదనుకుని పోసిన ప్రతి వెల్‌లో మూడే ఉంది. పాత లాట్ కాగితం తీసి చూస్తే అది అసిటేట్ ఉప్పు. అసిటేట్ టీఎఫ్ఏలో సగం బరువే ఉంటుంది కాబట్టి అందులో తరుగు తక్కువ. ఆర్డర్ పెట్టినప్పుడు ఏ ఉప్పు కావాలో మేం రాయలేదు. రాయకపోతే మామూలుగా టీఎఫ్ఏదే పంపుతారట.

కంపెనీకి ఫోన్ చేశాను. అటు పక్క ఉన్నతను చాలా మర్యాదగా, "మేడమ్, లేబుల్ మీద గ్రాస్ వెయిట్ అని ఉంది కదా, నెట్ కంటెంట్ కావాలంటే అడిగితే చేయించేవాళ్లం, దానికి చార్జ్ వేరే" అన్నాడు. కాంటా దగ్గరి పెద్దమనిషే గుర్తొచ్చాడు. కాకపోతే ఇతను నవ్వలేదు.

ఇంత చేసినా ఈ పరీక్షల కళ్లకు కనబడనివి ఇంకా ఉన్నాయి. లూసిన్, ఐసోలూసిన్ రెండింటి బరువూ ఒక్కటే, ఒకదాని బదులు ఇంకొకటి పడితే మాస్ పట్టుకోలేదు. ఎల్ రూపం బదులు డీ రూపం పడినా అంతే, అద్దంలో బొమ్మకు బరువు మారదు కదా. ఎండోటాక్సిన్ సంగతి అసలే వేరు. అది బ్యాక్టీరియా పైపొరలోంచి వచ్చే విషం, హెచ్‌పీఎల్‌సీ గీత మీద దాని జాడ కూడా ఉండదు. మా పక్క ల్యాబ్‌లో మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల మీద పనిచేసే స్నేహితురాలికి పెప్టైడ్ వేసిన ప్రతిసారీ టీఎన్ఎఫ్ అనే వాపు పుట్టించే ప్రోటీన్ ఎగిసిపడేది. పెప్టైడ్ మహిమ అనుకుని సంబరపడింది పాపం. హార్స్‌షూ పీత రక్తంతో చేసే ఎల్ఏఎల్ పరీక్ష చేయిస్తే ఎండోటాక్సిన్ అని తేలింది. నాకైతే ఆ బెడద లేదు, నా ప్లేటు నిండా ఉన్నది ఈ-కోలినే.

ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. మా గల్లీలో జిమ్‌కు వెళ్లే తమ్ముడొకడు ఫోన్‌లో ఏదో వెబ్‌సైట్ చూపించి, "అక్కా, మీ ల్యాబ్‌లో వాడేవే కదా ఇవి, 99 పర్సెంట్ ప్యూర్ అంట, వేసుకోవచ్చా?" అన్నాడు. రీసెర్చ్‌కు మాత్రమే అని రాసిన బుడ్డి అది. అందులో క్రిములు లేవని ఎవరూ చూడలేదు, ఎండోటాక్సిన్ చూడలేదు, పైన చెప్పిన తరుగు సరేసరి. నా ఈ-కోలికి వెయ్యడానికే నాలుగు నెలలు తిప్పలు పడ్డాను, నువ్వు నీ కడుపులో గుచ్చుకుంటావారా అని కసిరాను. అలిగి వెళ్లిపోయాడు. కొనలేదనే అనుకుంటున్నా.

బాపుకి ఈ కథంతా ఫోన్‌లో చెప్పాను. ఓపిగ్గా విని, "గింత బుడ్డికి ఎంతయిందే?" అన్నాడు. చెప్పాను. కాసేపు సప్పుడు లేదు. "గా పైసలతోని రెండు ఎకరాలకు మందు సంచులొస్తయి గదనే" అన్నాడు.

పాత అంకెలన్నింటినీ 0.61తో గుణించి సరిచేద్దామని మొదట అనిపించింది. సర్ ఒప్పుకోలేదు. ఫ్రీజర్ కరిగిన ప్రతిసారీ ఆక్సిజన్ ఎంత పెరిగిందో మన దగ్గర లెక్క లేదు, ఏ రోజు ప్లేటుకు ఏ అంకె వాడతావు అన్నారు. నాలుగు నెలల ప్లేట్లు పక్కన పెట్టేశాను.

కొత్త లాట్ మొన్న గురువారం వచ్చింది. ఈసారి అసిటేట్ అని, నెట్ కంటెంట్ రిపోర్ట్ కావాలని ఆర్డర్‌లోనే రాశాం. కాగితం మీద 84 శాతం. బుడ్డిని గంటసేపు తేమ తగలనివ్వని డెసికేటర్‌లో ఉంచి, గది వేడికి వచ్చాకే మూత తీశాను. ఇరవై ట్యూబుల్లోకి పంచి, ఒక్కోదాని మీద నెట్ బరువు, తేదీ రాశాను. ఒక ట్యూబుతో రన్ పెట్టాను. పెద్ద పీక్ ముప్పై ఒకటో నిమిషంలో బాగానే వచ్చింది. ఇరవై తొమ్మిది దగ్గర మాత్రం చిన్న గడ్డ ఒకటి ఉంది, ఒక శాతం కూడా లేదు. సోమవారం పొద్దున మళ్లీ ఉప్పల్ బస్సు.