ఐత్వం ఉన్న ఫోల్డర్లే ఎందుకు తిరిగొస్తున్నాయి? (ఫొటోల ఏరివేత, ఆరో ఆదివారం)

దొరికింది! ఆరు వారాలుగా నన్ను సతాయిస్తున్న 4.3 జీబీ డూప్లికేట్ ఫొటోలు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నాయో ఇవాళ మధ్యాహ్నం తేలింది. ఆ సంతోషంలోనే రాస్తున్నాను.

మిగతా పని సంగతి ఒక్క మాటలో: ఫోన్ బ్యాకప్‌లలో 2,860 డూప్లికేట్లు తీసేశాను, 11 జీబీ ఖాళీ అయింది.

ఇక అసలు గొడవ. ఇంట్లో లినక్స్ మింట్ డెస్క్‌టాప్‌లో ‘ఫొటోలు’ అని ఒక ఫోల్డర్, అందులో ఊరికో ఫోల్డర్. పిల్లలమర్రి, మన్యంకొండ, సోమశిల, కురుమూర్తి, ఇట్లా మొత్తం 14, అన్నీ తెలుగు పేర్లే. తమ్ముడి పాత మ్యాక్‌బుక్‌లో కూడా అవే పేర్లు. వాడు ఆదివారం మహబూబ్‌నగర్ వచ్చినప్పుడల్లా వైఫై మీద ఆర్‌సింక్ (రెండు కంప్యూటర్ల ఫోల్డర్లను పోల్చి, లేనివి మాత్రమే కాపీ చేసే ప్రోగ్రామ్) నడిపి కొత్త ఫొటోలు లాగుతాను. 11 ఫోల్డర్లు చక్కగా కలిసిపోతున్నాయి. మైసిగండి, శ్రీశైలం, పైలాన్ మాత్రం కలవవు. అదే పేరుతో పక్కనే ఇంకో ఫోల్డర్ పుడుతుంది, అందులోకి ఫొటోలన్నీ మళ్ళీ దిగుతాయి. మైసిగండిలో 312, శ్రీశైలంలో 540, పైలాన్‌లో 128. కలిపి 980 ఫొటోలు, 4.3 జీబీ. శుభ్రం చేస్తాను, వారం తిరిగేసరికి మళ్ళీ అంతే. "అన్నా, మళ్ళ వచ్చినయ్ చూడు" అని తమ్ముడే చూపించేవాడు.

నాలుగో వారం ఇంకా చిక్కుపడింది. డూప్లికేట్లు వెతికే చ్కావ్కా అనే ప్రోగ్రామ్‌లో ‘పాతది ఉంచు’ అని పెట్టి డూప్లికేట్లు తీసేశాను. ఆర్‌సింక్ తేదీలను కూడా యథాతథంగా తెస్తుంది కాబట్టి రెండు కాపీలకూ ఒకే తేదీ. ఏది పాతదో తేలక కొన్ని ఇటు, కొన్ని అటు పోయాయి. మైసిగండి ఒకదాంట్లో 197, ఇంకోదాంట్లో 115 మిగిలాయి. కూడితే 312 అని తేలేదాకా టెన్షన్ తగ్గలేదు. అమ్మ మొక్కు తీర్చుకున్న రోజు ఫొటోలు అందులోనే ఉన్నాయి. అప్పటినుంచి ఒక ఫోల్డర్‌ను రిఫరెన్స్‌గా (అందులోవి చెరపకూడదని) గుర్తుపెట్టకుండా తొలగించే బటన్ ముట్టుకోవడం లేదు. అదే పని చేసే డూప్‌గురు కూడా వాడి చూశాను, అది మంచిదే, కానీ వేగంలో నాకు చ్కావ్కానే నచ్చింది.

కారణం కోసం పట్టిన దారులు చెప్తాను. మొదట తమ్ముడి లాప్‌టాప్ గడియారం తేడా అనుకుని ఆర్‌సింక్‌లో 2 సెకన్ల సడలింపు ఇచ్చాను. మార్పు లేదు. తర్వాత పేరు చివర ఖాళీ ఉందేమోనని కోట్స్ మధ్య చూశాను. లేదు. తెలుగు పేర్లలో నా మొదటి అనుమానం ఎప్పుడూ కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే (పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) మీదే. అదీ లేదు. డిస్క్ పాడైందేమోనని 1 టీబీ మొత్తం ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్‌లో తప్పులు వెతికే పరీక్ష) చేశాను. 22 నిమిషాలు పట్టింది, ఒక్క తప్పూ రాలేదు.

ఇవాళ పొద్దున ఆ మూడు పేర్లు కాగితం మీద ఒక వైపు, తిరిగిరాని 11 ఇంకో వైపు రాశాను. మై, శై, పై. రెండో వైపు ఒక్క ఐత్వం కూడా లేదు!

వెంటనే ఫోల్డర్ పేర్ల బైట్లు లెక్కపెట్టాను. నా మైసిగండి 24 బైట్లు, మ్యాక్ నుంచి వచ్చింది 27. శ్రీశైలం కూడా 24, 27. పైలాన్ 18, 21. ప్రతిసారీ 3 బైట్ల తేడా, అంటే అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో సరిగ్గా ఒక తెలుగు అక్షర సంకేతం. హెక్స్‌లో (బైట్లను విడివిడిగా చూపే రూపంలో) చూస్తే నా దగ్గర ఐత్వం ఒకే ముక్క: ఈ0 బి1 88. అక్కడ రెండు ముక్కలు: ఎత్వం ఈ0 బి1 86, దాని కింద వచ్చే గుర్తు ఈ0 బి1 96. తెర మీద రెండూ అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం ప్రకారం రెండూ సరైనవే. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి దాస్తుంది. లినక్స్ ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతుంది. ఆర్‌సింక్‌కు అవి రెండు వేరు వేరు పేర్లు.

నమ్మకం కుదరక ఒక పరీక్ష పెట్టాను. రెండు కంప్యూటర్లలోనూ క గుణింతం టైప్ చేసి, క నుంచి కౌ దాకా 12 ఖాళీ ఫోల్డర్లు చేసి ఆర్‌సింక్ నడిపాను. 13 అయ్యాయి. రెండుగా మారింది ‘కై’ ఒక్కటే. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. మా పక్కనున్న రాయచూరు వాళ్ళు కన్నడలో పేర్లు పెడితే ఇలాంటివి ఐదు ఉంటాయి, వాళ్ళ ఫోల్డర్లు ఇంకెన్ని రెట్టింపవుతాయో!

సరిచేయడానికి మొదట ఫైల్ పేర్ల సంకేతాలు మార్చే కాన్వ్‌ఎమ్‌వీ ప్రయత్నించాను. అది ముందు ఉత్తుత్తిగా నడిచి ఏం మారుస్తుందో చూపిస్తుంది, ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. కానీ కొత్త పేరుతో ఫోల్డర్ ముందే ఉంది కాబట్టి అది పేరు మార్చలేదు. అందుకే 27 బైట్ల ఫోల్డర్లో ఉన్నవి నా చేత్తోనే 24 బైట్ల దాంట్లోకి మార్చి, లెక్క 312 సరిపోయాక ఖాళీది తీసేశాను. మిగతా రెండూ అంతే. శాశ్వత పరిష్కారం, కాపీ చేసేటప్పుడే పేర్ల సంకేతాలు మార్చే ఐకాన్వ్ ఆప్షన్, ఆర్‌సింక్‌లోనే ఉంది. ముందు నా వైపు యూటీఎఫ్-8, తర్వాత అటువైపు యూటీఎఫ్-8-మ్యాక్ (విడగొట్టిన రూపం) అని రాయాలి. తమ్ముడి పాత మ్యాక్‌తో వచ్చిన ఆర్‌సింక్ 2.6.9కి ఆ ఆప్షన్ తెలియదు, 3.0 నుంచే ఉంది. మ్యాక్‌లో అదనపు ప్రోగ్రాములు వేసే మ్యాక్‌పోర్ట్స్‌తో కొత్తది వేసి, దాని దారిని కమాండ్‌లో విడిగా చెప్పాను. ఉత్తుత్తి పరుగులో కాపీ కావాల్సిన ఫైళ్ళు: సున్నా.

తమ్ముడు కొత్త మ్యాక్ కొంటే ఎలా అన్నది చూడాలి. 2017లో హై సియెర్రా అనే మ్యాక్ ఓఎస్‌తో వచ్చిన కొత్త ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్‌ఎస్ పేరును ఇచ్చినట్టే ఉంచుతుంది. కానీ పాత యంత్రం నుంచి తెచ్చిన పేర్లు విడిపోయిన రూపంలోనే రావచ్చు. అప్పుడు మళ్ళీ గుణింతం పరీక్ష పెడతాను.

వచ్చే వారం బతుకమ్మ ఫొటోలు పడతాను. వాట్సాప్‌లో తిరిగొచ్చినవి చాలా ఉన్నాయి. 4000×3000 ఫొటో 1600×1200 అయి వచ్చింది, తీసిన తేదీ కూడా లోపల లేదు. హ్యాష్‌తో (బైట్లన్నీ ఒకేలా ఉంటేనే కలిసే గుర్తింపు సంఖ్యతో) ఇవి దొరకవు, పోలికతో వెతకాలి. చ్కావ్కాలో పోలిక హ్యాష్ సైజు 8 పెడితే వరుసగా పేర్చిన వేరు వేరు బతుకమ్మలను కూడా ఒకటే అంటోంది. 16తో, గ్రేడియంట్ (పక్కపక్క చుక్కల వెలుగు తేడా చూసే) పద్ధతిలో, సద్దుల రోజు తీసిన 640 ఫొటోల మీద చూస్తాను. దేన్నీ తొలగించకుండా, ముందు జాబితా మాత్రమే తీస్తాను. ఏ బతుకమ్మ ఎవరిదో అమ్మకు బాగా గుర్తు, ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే చూస్తాను.