కొండవాలు, కాస్ థీటా, హెచ్-1బి వీసా

కొండ మీదకి కాల్చినా, కొండ మీంచి కిందకి కాల్చినా బుల్లెట్ గురి కంటే పైనే తగులుతుంది. కిందకి కాలిస్తే కిందే తగలాలి కదా అని కొత్తగా విన్న ఎవరికైనా అనిపిస్తుంది. కారణం మాత్రం పదో తరగతి లెక్కే. భూమి బుల్లెట్‌ని లాగేది నిలువుగా. గురి వాలుగా ఉన్నప్పుడు ఆ లాగుడులో కొంత భాగమే బుల్లెట్‌ని గురి గీత నుంచి పక్కకి దించుతుంది. అందుకే వాలు వెంట 500 గజాల దూరమున్నా, కోణం 30 డిగ్రీలైతే దాని కొసైన్, అంటే సుమారు 0.87తో గుణించి, 433 గజాలని లెక్కేసుకుని కాల్చాలి. రైఫిల్ మీద గురి చూసే దుర్బిణిని, అంటే స్కోప్‌ని, 500కే తిప్పి కాలిస్తే, అమెరికాలో చాలామంది వాడే 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్‌తో దెబ్బ అర అడుగుకు మించి పైకి పోతుంది. మ్యూల్ డీర్ అనే అక్కడి జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు పది అంగుళాలే. గురి పూర్తిగా తప్పితే వేటగాళ్లు నవ్వుకుని వదిలేస్తారు. జంతువు గాయంతో పారిపోతే మాత్రం ఆ రాత్రి వాళ్లకి అన్నం దిగదు.

నేనుండేది మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్‌లో. చిన్న ఊరే అయినా లేజర్, ఆప్టిక్స్ కంపెనీలు ఇక్కడ చాలానే ఉన్నాయి. మా కంపెనీ చేసేది లేజర్ రేంజ్‌ఫైండర్లు, నా పని వాటిలో కోణం కొలిచే భాగాన్ని టెస్ట్ చేయడం. ఇంటి నుంచి ఫోన్ వచ్చి "తుపాకుల కంపెనీ అట కదా నాయనా" అంటే, "కాదమ్మా, దూరాలు కొలిచే లేజర్" అంటాను. అది అబద్ధమేం కాదు.

లేజర్లు రాకముందు కూడా ఈ లెక్క చేసేవాళ్లు. అర్ధచంద్రాకారపు కోణమానినికి దారం కట్టి, దారానికి చిన్న బరువు వేలాడదీస్తే మేస్త్రీ గుండులాగా అది నిలువుని చూపిస్తుంది. కోణం చదువుకుని, జేబులోని కాగితంలో దాని కొసైన్ చూసుకుంటారు. తర్వాత స్కోప్ పక్కన బిగించే కొసైన్ ఇండికేటర్ వచ్చింది. అది డిగ్రీల బదులు నేరుగా కొసైన్ అంకె చూపిస్తుంది: 30 డిగ్రీలకి 87 (అంటే 0.87), 45కి 71. మనసులో గుణించుకుంటే చాలు. బ్యాటరీ లేదు, చలికి ఆగిపోయే భయం లేదు. ఇంజనీరుగా నాకు ఇప్పటికీ దాని మీదే గౌరవం ఎక్కువ.

మా పరికరంలో ఆ దారం పని చేసేది గోరంత యాక్సిలరోమీటర్ చిప్. కదలకుండా ఉన్నప్పుడు భూమి ఏ దిక్కుకి లాగుతోందో అది చెబుతుంది. తిప్పలంతా ఆ కదలకుండా అన్న దగ్గరే. కొండెక్కి రొప్పుతున్న మనిషి చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు కూడా చిప్‌కి భూమి లాగుడులాగానే కనిపిస్తుంది కాబట్టి చాలా రీడింగుల సగటు తీయాలి. సగటు ఎక్కువసేపు తీస్తే జింక వెళ్లిపోతుంది, తక్కువసేపు తీస్తే అంకె ఊగుతుంది. పైగా ఒక్క డిగ్రీ తప్పు అన్నిచోట్లా ఒకేలా కొట్టదు. 500 గజాల దగ్గర, వాలు 10 డిగ్రీలైతే ఆ తప్పు విలువ గజంన్నర. అదే 45 డిగ్రీలైతే ఆరు గజాలు దాటుతుంది. ఇదంతా లోయలో ఇనప పలకలు పెట్టి, మన ఊళ్లలో పొలాలు సర్వే చేసే టోటల్ స్టేషన్‌తోనే వాటి దూరం, కోణం కొలిచి, మా పరికరం చెప్పేదానితో పోల్చి చూస్తాం. మనుషులకి కోణం అంచనా అస్సలు అందదు. నలభై అయిదు డిగ్రీలని ఒట్టేసి చెప్పిన వాలు కొలిస్తే ఇరవై అయిదు తేలుతుంది.

చివరగా నిజం రైఫిల్‌తో సరిచూసే రోజు ఒకటుంటుంది. ఆ రోజు నా చేతిలో ఉండేవి నోట్‌బుక్, రేంజ్‌ఫైండర్ మాత్రమే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. రాష్ట్రమిచ్చే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాడికి అలాంటి సాహసాలెందుకు? "ఒక్కసారి పట్టుకుని చూడు" అని తోటి ఉద్యోగులు ప్రేమగానే అంటారు, నేను చేతులు వెనక్కి కట్టుకుంటాను. ఆఫీసులోనూ కొన్ని తలుపులు నా బ్యాడ్జికి తెరుచుకోవు. అవి మిలిటరీ పనులు జరిగే గదులు. నాకు వీసా వేసేటప్పుడే, ఐ-129 ఫారం ఆరో భాగంలో, ఈ మనిషికి చూపించే టెక్నాలజీకి ఎగుమతి లైసెన్స్ అవసరమా కాదా అని కంపెనీ రాసిచ్చింది. నేను కూర్చున్నది బోజ్‌మన్‌లోనే అయినా, నా కళ్లు చూసింది ఇండియాకి ఎగుమతి అయినట్టే లెక్క. మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు ఆ తలుపు ముందు నుంచి కాఫీ కప్పుతో నడిచి వెళ్లిపోవడం అలవాటైంది.

పనిలో పెద్ద గొడవ జరిగింది స్క్రీన్ మీద ఎన్ని అంకెలు చూపించాలన్న దాని మీద. మా మేనేజర్ చిన్నప్పటి నుంచి ఎల్క్ అనే పెద్ద జింకల వేటకి వెళ్లే మనిషి, "ఒక్కటే చూపించు, సరిచేసినది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చాలామంది దగ్గర ఫోన్‌లో బుల్లెట్ ఎంత దిగుతుందో లెక్కేసే బాలిస్టిక్ యాప్ ఉంటుంది. అది వాలు దూరం, కోణం తీసుకుని లెక్క తనే చేసుకుంటుంది. మా పరికరం చూపించిన 433ని తీసుకెళ్లి, 30 డిగ్రీలతో కలిపి అందులో కొడితే అది మళ్లీ తగ్గించి 375 అంటుంది. రెండుసార్లు సరిచేసినట్టయి బుల్లెట్ బాగా కిందకి పోతుంది. పైగా దూరాన్ని కొసైన్‌తో గుణించడం అనేదే దగ్గరి దూరాలకి పనికొచ్చే చిట్కా. గాలి మాత్రం బుల్లెట్‌ని వాలు పొడవునా 500 గజాలూ ఆపుతూనే ఉంటుంది కదా! ఎనిమిది వందలు, వెయ్యి గజాలకి పోయేకొద్దీ ఆ చిట్కాతో దెబ్బ కిందకి పడుతుంది. అక్కడ దూరాన్ని కాకుండా, బుల్లెట్ పూర్తి దూరానికి ఎంత దిగుతుందో ఆ దిగుడుని కొసైన్‌తో గుణిస్తే నిజానికి దగ్గరగా వస్తుంది. వీటన్నిటికీ అసలు వాలు దూరం కళ్లముందు ఉండాలి.

చివరికి పెద్ద అక్షరాల్లో సరిచేసిన దూరం, దాని కింద చిన్నగా వాలు దూరం, కోణం పెట్టాం. మేనేజర్ మాత్రం తన పరికరంలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ చిన్న అంకెలు ఆపేసుకున్నాడు. ఆయన యాప్ వాడడు. బ్యాటరీ చలికి ఆగిపోతే పనికొస్తాయని రైఫిల్ చెక్కకి టేపు అంటించి, దాని మీద పెన్నుతో 94, 87, 71 అని రాసుకున్నాడు.