ఇవాళ కుర్చీలు మేం వేశాం

శనివారం, రాత్రి పదకొండు దాటింది.

నడుం పట్టేసింది. కుడిచేతి బొటనవేలి గోరు సగానికి విరిగింది. ఒకదాన్లో ఒకటి దోపి పేర్చిన మూడొందల ప్లాస్టిక్ కుర్చీలు విడదీయడం ఎంత పనో నలభై మూడేళ్ళు వచ్చాక ఇవాళ తెలిసింది. నేను గుమ్మంలోకి రాగానే మా ఆయన "సన్మానం పిల్లలకన్నావు కదా, నీకేమైంది?" అన్నాడు. జవాబు చెప్పే ఓపిక కూడా లేదు, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా.

అసలిదంతా పోయినేడాది ఫంక్షన్ వల్ల. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లకీ మా కాలేజీ క్లబ్బుల లీడర్లకీ ఏడాది చివర్న సన్మానం అని పెట్టాం. బ్యానర్ కట్టింది వాళ్ళే, కుర్చీలు వేసింది వాళ్ళే, పెద్దలకి కప్పాల్సిన శాలువాలు పళ్ళెంలో పట్టుకుని స్టేజి పక్కన నిలబడిందీ వాళ్ళే. ఒకబ్బాయి పేరు మూడుసార్లు పిలిచాం, లేడు. నాలుగోసారికి స్టేజి వెనకనించి పరిగెత్తుకొచ్చాడు, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది, మైకు ఆగిపోతుంటే బ్యాటరీలు మారుస్తున్నాడట. ఆ ఫొటో మా నోటీసు బోర్డు మీద ఇంకా ఉంది. ఒక చేతిలో మెమెంటో, రెండో చేతి పిడికిట్లో రెండు పెన్సిల్ సెల్లులు. చూసినోళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఈ వాలంటీర్ల బాధ్యత చూసే ప్రోగ్రాం ఆఫీసర్ని నేనే అని తర్వాత గుర్తొచ్చింది.

అందుకని ఈసారి మీటింగులో చెప్పేశా, పిల్లలు ఒక్క పని ముట్టుకోరు, అన్నీ స్టాఫే చేయాలి అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరికి వాల్యుయేషన్ ఉందని, ఇంకొకరికి మోకాళ్ళ నొప్పులని, ఒక సారుకైతే ఆ రోజే బంధువుల గృహప్రవేశం అని. చివరికి ఏడుగురం తేలాం, మా అటెండరు బాబాయ్‌తో కలిపి.

పొద్దున్నే మా విజయవాడ ఏలూరు రోడ్డుకి వెళ్ళి మెమెంటోలు తీసుకోవాలి. మొత్తం ముప్పై ఎనిమిది. షాపులోనే ఒక్కొక్కటి విప్పి చూసుకుంటే రెండిట్లో పేర్లు తప్పు పడ్డాయి. ఒకమ్మాయి ఇంటిపేరు పోయి మరెవరి ఇంటిపేరో వచ్చి చేరింది, ఇంకో పిల్లాడికి "వాలంటీర్" కాస్తా "వాలెటీర్" అయింది. షాపాయన "సోమవారం మార్చిస్తాను మేడమ్, ఇవాళ్టికి కానిచ్చేయండి, ఎవరు చదువుతారు?" అన్నాడు. ఎవరు చదవరు? ఇంట్లో టీవీ పక్కన పెట్టుకుంటారు, వచ్చిన చుట్టాలందరూ చదువుతారు. ఆటోలో పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని బెంజ్ సర్కిల్ దాటేదాకా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నా. మార్చి నెల కూడా దాటలేదు, తొమ్మిదిన్నరకే ఎండ మండిపోతోంది.

హాల్లో కుర్చీల పని మొదలుపెట్టాం. మేం ఇద్దరిద్దరం పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే ఒక్కటీ ఊడి రాదే! నా గోరు పోయింది అక్కడే. వరండాలో పిల్లలు వరసగా నిలబడి చూస్తున్నారు, కొత్త బట్టల్లో, చేతులు వెనక్కి కట్టుకుని. ముట్టుకోవద్దని ఒట్టు పెట్టించుకున్నా కదా. చివరికి పెన్సిల్ సెల్లుల అబ్బాయే తట్టుకోలేక గుమ్మంలోంచి అరిచాడు: "మేడమ్, అలా లాగితే రావు. కింది కుర్చీ కాళ్ళని మీ కాలితో తొక్కిపట్టి పైదాన్ని కొంచెం పక్కకి తిప్పండి." తిప్పా. టక్కున వచ్చేసింది. రెండేళ్ళుగా వీళ్ళని ఎన్ని కుర్చీలు మోయించి ఉంటామో ఆ ఒక్క మాటతో అర్థమైంది.

భోజనం పొట్లాలప్పుడు ఇంకా అన్యాయం. హాస్టల్ మెస్ నుంచి పులిహోర గంగాళంతో వచ్చింది, పొగలు కక్కుతూ. టైమవుతోందని మేం గబగబా కవర్లలో వేసి ముడులేస్తున్నాం. బీకాం ఫైనల్ ఇయర్ అమ్మాయి ఒకతె వచ్చి ఒక నిమిషం చూసింది. ఏమీ అనలేదు. వెళ్ళి ఫ్యాన్ ఫుల్లులో పెట్టి, కట్టిన పొట్లాల ముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయింది. ఒట్టు సంగతి గుర్తుచేస్తే, "ఇది పని కాదు మేడమ్, పాచిపోకుండా చూడటం" అంది.

తనకి ఆ సంగతి ఎక్కడ తెలిసిందో నాకూ తెలుసు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు సింగ్ నగర్ మీద పడ్డప్పుడు ఈ పిల్లలంతా సెకండ్ ఇయర్. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతుంటే ఇళ్ళల్లో భయపడి రావద్దన్నా వచ్చారు. మొదటిరోజు వరద బాధితులకి అన్నం పొట్లాలు వేడిమీదే కట్టేశాం. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవ దొరికి, లోపలి వీధుల్లోకి చేరేసరికి కవర్లో ఆవిరి నీరైపోయి సగం పొట్లాలు వాసనొచ్చాయి. మేడ మీద నిలబడి చేతులు చాచిన మనుషులకి అవి ఇవ్వలేక వెనక్కి తెచ్చారు. మర్నాటి నుంచి ఉతికిన దుప్పట్లు పరిచి, అన్నం ఆరబోసి, చేతి వెనకవైపు ఆనించి చూసి మరీ కట్టారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. నేనైతే అసలు చెప్పలేదు, ఇవాళ మళ్ళీ అదే తప్పు చేశాను కదా.

ముఖ్య అతిథి గంటన్నర లేటు. వచ్చి, ఎన్‌ఎస్‌ఎస్ 1969లో గాంధీగారి శతజయంతి ఏడాది, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైందని, గుర్తులో ఉన్నది కోణార్క సూర్య దేవాలయపు రథచక్రమని, దాని ఎనిమిది ఆకులు రోజులో 24 గంటలనీ సూచిస్తాయని చక్కగా చెప్పారు. నేను రాసిచ్చిన కాగితమే. "నేను కాదు, మీరు" అన్న నినాదం కూడా చదివారు, స్టేజి మీద పదకొండు మందికి శాలువాలు కప్పడం అయ్యాక. (అందులో ఒకటి నాక్కూడా. వద్దనలేదు.)

లిస్టు సంగతి ఒకటి రాసుకోవాలి. రెండేళ్ళలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు, ఇవి రిజిస్టర్లో ఉంటాయి, లెక్క తేలిక. పులిహోర విప్పిన అమ్మాయి రెడ్ రిబ్బన్ క్లబ్ (రక్తదానం, ఎయిడ్స్ అవగాహన చూసే విద్యార్థుల క్లబ్) కార్యదర్శి. రక్తదాతలకి వేరే మెమెంటో ఉంది, ఆమెకి రాదు, ఒక్కసారి కూడా ఇవ్వలేదు కాబట్టి. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, ఆమెకి ఎప్పుడు చూసినా పదకొండు లోపే, ప్రతి క్యాంపులోనూ వేలు గుచ్చించుకుని వెనక్కి వస్తుంది. కానీ నీలం అట్ట నోటు బుక్ ఒకటి ఉంది తన దగ్గర. ఎవరి గ్రూపు ఏది, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు ఇవ్వొచ్చు, అబ్బాయిలకి మూడు నెలలు, అమ్మాయిలకి నాలుగు, అన్నీ ఎర్ర పెన్నుతో. ఇవాళ మెమెంటోలు అందుకున్న దాతలందరికీ ఫోన్ చేసి, బతిమాలి పిలుచుకొచ్చింది ఆమే. రాత్రిపూట చేసే ఆ ఫోన్లకి రిజిస్టర్లో గడి లేదు. నేను క్లబ్ లీడర్ల కింద ఇరికించాను, అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

పేరు పిలిచేసరికి ఆమె లేదు. నా గుండె జారింది, మళ్ళీ పెన్సిల్ సెల్లులేనా అని. వరండాలో ఫోన్ చెవికి ఆనించుకుని "బి పాజిటివ్ రెండు యూనిట్లు, సరే, ఎన్నింటికి ఆపరేషన్?" అంటోంది. ఫోన్ నాకివ్వమ్మా, నేను మాట్లాడతా అన్నాను. ఇచ్చింది గానీ నోటు బుక్ ఇవ్వలేదు. పేజీ పోతుందని వేలు అందులోనే ఉంచి స్టేజి ఎక్కింది. మెమెంటో ఒంటిచేత్తో తీసుకుంటే అతిథిగారు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కనిపించారు.

అయ్యాక ఫొటోలు దిగి స్టాఫ్ అంతా మాయం. నేనూ బాబాయ్ మిగిలాం. నీళ్ళు తాగి తిరిగి వచ్చేసరికి కుర్చీలన్నీ పేర్చేసి ఉన్నాయి, పదేసి చొప్పున, గోడకి ఆనించి. ఒట్టు ఏమైందిరా అంటే పెన్సిల్ సెల్లుల అబ్బాయి "ఫంక్షన్ అయిపోయింది కదా మేడమ్" అన్నాడు.

పేర్లు తప్పు పడ్డ ఆ రెండూ ఇంకా నా బ్యాగులోనే ఉన్నాయి, స్టేజి మీద ఆ ఇద్దరికీ ఖాళీ పెట్టెలే ఇప్పించా. సోమవారం ఫస్ట్ అవర్ క్లాసుంది. అంతకన్నా ముందే ఏలూరు రోడ్డు వెళ్ళిరావాలి, ఆయన షాపు ఎన్నింటికి తీస్తాడో ఏమో.