లిఫ్టు గొడవ

మా కుక్క కర్రి ఇక లేదు. కిడ్నీలు పూర్తిగా పోయాయని, రోజూ చర్మం కింద సెలైన్ ఎక్కించడం తప్ప చేసేదేమీ లేదని డాక్టరు గారు పోయిన వారమే చెప్పేశారు. ఎప్పుడో పిడుదులు కుట్టి వచ్చిన టిక్ ఫీవర్ లోపల్లోపల తినేసి ఉంటుందట. మధ్యాహ్నం శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇప్పించి, ఫతుల్లాగూడలోని జంతువుల శ్మశానానికి తీసుకెళ్లి దహనం చేయించి వచ్చాం. దాని గురించి ఇంతకు మించి రాయబుద్ధి కావడం లేదు.

నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. మేం వచ్చి కాళ్లు కడుక్కున్నామో లేదో అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్, పెంపుడు కుక్కలను లిఫ్టులో తేవద్దు, మెట్లు వాడండి అని. పాపం తెలియదేమో అనుకుందామంటే, దాన్ని దుప్పట్లో చుట్టి దింపుతుంటే ఎదురుపడింది సెక్రటరీ గారే! లిఫ్టుల్లో పెంపుడు జంతువుల్ని ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ కాగితం ఆయన చేతిలో ఎప్పుడో పెట్టాను కూడా. కాళ్లు ఈడుస్తున్న కుక్క నాలుగంతస్తులు ఎలా దిగుతుందండీ అంటే 'ఎత్తుకోండమ్మా' అన్న మనిషి. తిండి మానేశాక కూడా 18 కిలోలుంది. ఇంత పొడుగు జవాబు టైప్ చేసి చెరిపేశాను. ఆ లిఫ్టుతో ఇక నాకేం పని.

కర్రి మాకు దొరికినప్పుడు మాత్రం ఎముకలే. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కాలనీల్లోకి వచ్చేసినప్పుడు పాత ఇంటి మెట్ల మీద వణుకుతూ కూర్చుంది, చెవి కొస కత్తిరించి ఉంది, అంటే పట్టుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ వీధిలో వదిలేసిన కుక్కన్నమాట. కింద నడుంలోతు నీళ్లు, కరెంటు లేదు, మేమే పైవాళ్లింట్లో తలదాచుకున్నాం. 'దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను' అన్న అమ్మ, కాసేపటికే తన ఉప్మాలో సగం తీసుకెళ్లి దాని ముందు పెట్టింది. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. వరదలో కొట్టుకొచ్చి కూడా జీడిపప్పు లేని ఉప్మా ముట్టని మహారాణి అని అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది.

లేదు, ఆ జవాబు మళ్లీ రాస్తున్నాను. మూడో అంతస్తు అమ్మాయి పొమేరియన్‌కూ వయసు మీద పడుతోంది, రేపు అదెలా దిగుతుంది? బోర్డు కాగితం ఫోటో కూడా పెట్టి గ్రూపులో పంపేశాను. సెక్రటరీ గారు మేలుకునే ఉన్నట్టున్నారు, టైపింగ్ అని చూపిస్తోంది. ఈసారి ఎవర్ని ఎత్తుకోమంటారో చూద్దాం.