తెరచాప కింద వాన నీళ్లు
గోవా నుంచి మారిషస్‌కు తెరచాప పడవలో 22 రోజులు గడిపి నిన్ననే మా ఊరు మర్రిగూడ చేరాను. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం మనిషికి రోజుకు 3 లీటర్లు. గిన్నెలు ఉప్పునీళ్లతోనే కడిగేవాళ్లం. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లో పుట్టినదాన్ని, నీళ్లు పొదుపుగా వాడటం నాకు కొత్త కాదు. మంచినీళ్ల బిందెను అమ్మ ఎంత భద్రంగా చూసుకునేదో!

భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోయి రెండు రోజులు పడవ కదల్లేదు. ఏడుపొచ్చింది. 2017-18లో ఆరుగురు నేవీ ఆఫీసర్లు ‘తారిణి’ అనే తెరచాప పడవ మీద 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టొచ్చారు, ఎలా ఓర్చుకున్నారో అనుకున్నాను.

ఆ రాత్రి నా కాపలా వంతులోనే వాన మొదలైంది. తెరచాప అంచు నుంచి కారే నీళ్లకు బకెట్ పెట్టాను. మొదట ఉప్పగా, తర్వాత తియ్యగా. దోసిలి పట్టి తాగాను.

ఇది చెబితే అమ్మ ఏమీ అనలేదు. లేచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.